రాలిన కాయలతో యాళి: అతుకు కనబడని వింత జీవిని చేయడం ఎలా

బెంగళూరులో ఏ ప్రభుత్వ కార్యాలయం బోర్డు చూసినా కర్ణాటక రాజముద్ర కనిపిస్తుంది. నడుమ రెండు తలల గండభేరుండం, ఇరుపక్కలా సింహం ఒంటికి ఏనుగు తల ఉన్న గజకేసరులు. హంపి విఠ్ఠలాలయం స్తంభాల మీద పైకి లేచి నిలబడ్డ యాళులనే వింత జంతువులూ ఆ కుటుంబంలోవే. వాటిని చూసినప్పుడు తల ఎక్కడ ఆగి ఒళ్లు ఎక్కడ మొదలైందో ఒకసారి వెతకండి. అంత తేలిగ్గా దొరకదు. ఆ చోట శిల్పి జూలు పరిచాడు, హారం వేశాడు, మువ్వలు కట్టాడు. రెండు జంతువులు కలిసే చోట మూడో వస్తువు వచ్చి కూర్చుంటుంది. కాయలు, పుల్లలు, గింజలతో బొమ్మ చేసేటప్పుడు కూడా పని అంతా అక్కడే ఉంది. తల ఎంత బాగా కుదిరినా మెడ దగ్గర జిగురు కనిపిస్తే చూసేవాళ్లకి అది జీవి కాదు, అతికించిన కాయ.

ఇక్కడ చెప్పేది సుమారు పాతిక సెంటీమీటర్ల పొడవు, నాలుగు కాళ్లు, పక్షి ముక్కు, రెక్కలు ఉన్న యాళి లాంటి బొమ్మ. వేసవిలో సరుకు ఏరి, వానలు ముదరక ముందే అతికించి పెట్టుకుంటే దసరా బొమ్మల కొలువుకి ఒక మెట్టు మీద కూర్చోబెట్టవచ్చు.

ఏం ఏరాలి, ఎక్కడ ఏరాలి

బెంగళూరులో చెట్లు మన పని సగం చేసి పెడతాయి. మహాగని కాయ చెట్టు మీదే పగిలి, మందపాటి దొప్పలు కింద రాలుతాయి. ఒక్కో దొప్ప పది పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది, పడవలా వంగి ఉంటుంది. ఇదే మన బొమ్మ ఒళ్లు. కాయ మధ్యలో ఉండే అయిదు పలకల కంబం కూడా దొరికితే వదలకండి, మెడకి అంతకన్నా మంచిది లేదు. జకరండా కాయలు గుండ్రంగా, పలచగా ఉండి ఆల్చిప్పల్లా రెండుగా విడిపోతాయి. వాటి అలల అంచు రెక్కలకి బాగుంటుంది. కన్నడిగులు హొంగె అనే మన కానుగ కాయకి చివర చిన్న కొక్కెం ఉంటుంది, అడ్డంగా పట్టుకుంటే చిలక ముక్కే. పసుపు పూల తురాయి చెట్టు కింద రాగిరంగు పలచటి కాయలు రాలతాయి, చెవులు అవి. ఎర్ర తురాయి కాయలు మూరెడు పొడవుంటాయి, తోకకీ పెద్ద రెక్కలకీ పనికొస్తాయి. సరుగుడు కాయలు వేళ్లకీ, వెన్ను మీద ముళ్లకీ. పార్కుల్లో మెట్టతామర మొక్కల దగ్గర గుండ్రటి నల్లగింజలు ఉంటాయి. అవి రాయంత గట్టివి, అయిదారు మిల్లీమీటర్లు ఉంటాయి, పురుగు పట్టదు. కళ్లకి వాటినే వాడండి. ఇంట్లో చేతికందుతాయని పొట్టు మినుములు పెట్టేవాళ్లు ఉన్నారు. వాటి తెల్లటి గాటు కంట్లో మెరుపులా చక్కగానే ఉంటుంది కానీ ఏడాది తిరక్కుండా పురుగు తినేస్తుంది.

జయనగర్, మల్లేశ్వరం లాంటి పాత వీధుల్లో పొద్దున్నే వీధులు ఊడ్చే పౌరకార్మికులు ఆకులూ కాయలూ కుప్పలు పోసి ఉంచుతారు. "అక్కా, ఈ కాయి తగోబహుదా?" (ఈ కాయ తీసుకోవచ్చా) అని అడిగితే ఎవరూ కాదనరు. లాల్‌బాగ్ లోపల మాత్రం ఏరే పని పెట్టుకోకండి. కొమ్మల కోసం ఏప్రిల్, మే గాలివానలు పడ్డ మర్నాడు వెళ్లండి, విరిగిన పచ్చికొమ్మలు దండిగా ఉంటాయి. పడిపోయిన కొమ్మలో కరెంటు తీగ చిక్కుకుని ఉందేమో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

వదిలెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా వద్దు. వాటిలోని విషం ప్రాణం తీసేంతటిది. పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు లోపలే ఉంటుంది, మనం సూదితో గుచ్చగానే బయటికొస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు కాయలూ పుల్లలూ కూడా విషమే. సీతాఫలం గింజలు నల్లగా మెరుస్తాయి కానీ వాటి పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు, కనక వాటికి రంధ్రం పెట్టడం, అరగదీయడం చేయకండి. నిద్రగన్నేరు కాయల్లో తియ్యటి జిగట గుజ్జు ఉంటుంది. ఎంత ఎండబెట్టినా చీమలు వస్తాయి. ఇక ఈకలు, ఎముకలు, కొమ్ములు, తాబేటి చిప్పలు, ముళ్లపంది ముళ్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిలో చాలావాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం, నేల మీద దొరికిందన్నా సరే. చెట్ల సరుకుతోనే ఎంత జీవినైనా చేయవచ్చు, ఆ జోలికి పోనక్కర్లేదు.

ఒక్క బొమ్మకి: మహాగని దొప్పలు ఒకే కొలతవి రెండు, మధ్య కంబం ఒకటి, కానుగ కాయలు మూడు (రెండు పగులుతాయనుకోండి), జకరండా చిప్పలు పన్నెండు, చెవుల కాయలు నాలుగు, ఎర్ర తురాయి కాయ ఒకటి, సరుగుడు కాయలు ఇరవై, మెట్టతామర గింజలు ఆరు, పిడికెడు కొబ్బరి పీచు, చిటికెన వేలికన్నా సన్నటి జామ కొమ్మలు. జామ ఎందుకంటే గట్టిది, వంకరలు సహజంగా ఉంటాయి, రంధ్రం పెడితే చీలదు. మునగ కొమ్మ తేలిగ్గా దొరుకుతుంది కానీ ఎండితే బెండులా అయిపోతుంది.

పురుగు, తడి

బొమ్మలు పాడవడానికి ముఖ్యమైన కారణాలు ఈ రెండే. తెచ్చినవన్నీ పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తోమండి. నీళ్లలో నానబెడితే మహాగని దొప్ప ఒంపు మారుతుంది, సరుగుడు కాయ నోరు మూసుకుంటుంది. అంతగా మట్టి ఉంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత జిప్ కవర్లో గాలి తీసేసి మూసి ఫ్రీజర్‌లో వారం రోజులు పెట్టండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా, అంటే ఆరేడు గంటలు, అలాగే ఉంచాలి, లేకపోతే గాలిలోని తేమ కాయల మీద చెమటలా పట్టి బూజుకి దారి అవుతుంది. ఓవెన్ ఉంటే 90 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు ఉంచినా పురుగు చస్తుంది, కానీ పక్కనే ఉండి చూసుకోవాలి.

జామ పుల్లలకి ఇది చాలదు, పచ్చికొమ్మల్లో తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. బెరడు గీకేసి, లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల బోరాక్స్ కరిగించి, చల్లారాక పుల్లల్ని ఒక పగలూ రాత్రీ నానబెట్టి నీడలో ఆరేయండి. ఎండలో ఆరేస్తే నిలువునా పగులుతాయి. కొమ్మని కావలసిన కొలతకన్నా రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి ఆరబెడితే, పగుళ్లు వచ్చినా ఆ చివరలతో పోతాయి.

ఆరిందో లేదో వేలితో నొక్కి చెప్పలేం. వంటింటి తూకం మీద పెట్టి అంకె రాసుకోండి. మూడు రోజులు వరసగా అదే అంకె వస్తే ఆరినట్టు. ఈ ఒక్క పనికి తొందరపడితే అతికించాక పుల్ల సన్నబడి, జిగురు గూటిలో వదులై, కాలు గిరగిరా తిరుగుతుంది. ఆ తప్పుని తర్వాత దిద్దలేం.

పనిముట్లు

చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, ఒకటిన్నర, రెండు, మూడు మిల్లీమీటర్ల బిట్లు, హాక్సా బ్లేడు, గుండ్రటి ఆకురాయి, 80, 120, 220 నంబర్ల గరుకు కాగితం, కటింగ్ ప్లేయర్, 18 గేజి జి.ఐ. (జింకు పూత ఇనుప) తీగ రెండు మీటర్లు, వెదురు పుల్లలు. ఎస్.పి. రోడ్డులో అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. కరెంటు డ్రిల్లు వద్దు. ఎండిన కాయ దాని వేగానికి ఠపీమని పగులుతుంది.

జిగురు విషయంలో ఒకటి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. బరువు మోసే చోట, అంటే కాళ్లకీ మెడకీ, ఎరల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ. సమపాళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పీచుకీ, చిన్న కాయలకీ ఫెవికాల్. ఫెవిక్విక్ పట్టు త్వరగా ఇస్తుంది కానీ గాజులాంటిది, కింద పడితే మొదట విడిపోయేది అదే. పైగా ముదురు రంగు కాయల మీద దాని చుట్టూ తెల్లటి పొగ మరక పడుతుంది, అది పోదు. దూది మీద, నూలు గుడ్డ మీద ఒలికితే వేడెక్కి పొగలొచ్చి చెయ్యి కాలుతుంది కనక తుడవడానికి గుడ్డ వాడకండి. గ్లూ గన్ జిగురు ఇలాంటి పనికి పనికిరాదనే చెప్పాలి. నున్నటి కాయ నుంచి పొరలా ఊడి వస్తుంది, దారాలు దారాలుగా కనిపిస్తుంది.

సందులు నింపడానికి మన దగ్గర పాత పద్ధతి ఒకటుంది. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్లపొనికి చెక్కతో ఒళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు చెక్క రంగులో కలిసిపోవడం అందులోని గొప్ప. మనం చింతపిండికి బదులు ఫెవికాల్ వాడదాం, పురుగు భయం ఉండదు. విరిగిన మహాగని దొప్పని గరుకు కాగితం మీద రుద్ది వచ్చిన పొడి రెండు చెంచాలకి ఫెవికాల్ ఒక చెంచా వేసి, చపాతీ పిండిలా వచ్చేదాకా కలపండి. ఏ కాయ మీద పూస్తామో ఆ కాయ పొడితోనే చేయాలి. అప్పుడే రంగు కలుస్తుంది. ఆరాక కొంచెం కుంగుతుంది, రెండో పూత తప్పదు.

ఒళ్లు, కాళ్లు

ముందు అన్నిటినీ ఒక పళ్లెం ఇసుకలో గుచ్చి, జిగురు లేకుండా జీవిని నిలబెట్టి చూడండి. ఒకటి రెండు రోజులు అలా ఉంచితే మంచిది. దూరం నుంచి చూసినప్పుడు అది ఏం చేయబోతోందో తెలియాలి. దూకబోతోందా, వాసన చూస్తోందా, నిద్ర లేస్తోందా. అది తేలకుండా అతికిస్తే బల్లలా నిలబడుతుంది.

కింది దొప్ప లోపల ఒక చెక్కముక్క దాగి ఉండాలి, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు, రెండు మందం. దొప్ప మందం అర సెంటీమీటరు మించి ఉండదు, కాలి తీగకి ఆ పట్టు చాలదు కనక ఈ ముక్క. ముక్క అడుగుని దొప్ప ఒంపుకి తగ్గట్టు గరుకు కాగితంతో గుండ్రం చేసి, ఎపాక్సీ పెట్టి రాత్రంతా దారంతో బిగించి ఉంచండి.

కాళ్లకి పుల్లలు ఎంచడంలోనే సగం ప్రాణం ఉంది. కుక్క, పిల్లి, ఆవు వెనక కాలు చూడండి. మధ్యలో వెనక్కి వంగి కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ముందుకు వంగి ఉంటుంది. అందుకని వెనక కాళ్లకి రెండు ఒంపులున్న పుల్లలు, ముందు కాళ్లకి దాదాపు తిన్ననివి కావాలి. నాలుగూ ఒకేలాంటి తిన్నటి పుల్లలు పెడితే ఎంత మంచి తల పెట్టినా కుర్చీలా ఉంటుంది. ఒక్కోటి తొమ్మిది సెంటీమీటర్లకి కోసి, పై చివరని గుండ్రటి ఆకురాయితో గిన్నెలా తొలచండి, దొప్ప ఒంపు మీద అతుక్కుని కూర్చోవాలి. పుల్ల చివర మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు. మూడున్నర సెంటీమీటర్ల తీగముక్క అందులో దించండి. తీగని ముందు గరుకు కాగితంతో గీరాలి, నున్నటి తీగని ఎపాక్సీ పట్టదు. దొప్పలోంచి చెక్కముక్క దాకా అలాంటి రంధ్రాలే నాలుగు.

నాలుగు కాళ్లూ జిగురు లేకుండా గుచ్చి, నేలమీది గ్రానైట్ పలక మీద నిలబెట్టి, తీగలు వంచి సర్దండి. నచ్చాక ఒక్కొక్కటీ తీసి ఎపాక్సీతో దించి, బొమ్మని వెల్లకిలా ఇసుక పళ్లెంలో ఉంచి మర్నాటి దాకా వదిలెయ్యండి. ఎంత జాగ్రత్త పడినా ఒక కాలు పొట్టిది అవుతుంది. గ్రానైట్ మీద 80 నంబరు కాగితం పరిచి, బొమ్మని దాని మీద నిలబెట్టి రెండు వేళ్లతో మెల్లగా ముందుకూ వెనక్కీ జరపండి. పొడుగు కాళ్లు అరిగి నాలుగూ సమానమవుతాయి. పొట్టికాలు కింద ఏదో అతికించడం కన్నా ఇది మేలు.

తల, మెడ

కానుగ కాయ లోపల నూనెగింజ ఉంటుంది. దాన్ని ఉంచేస్తే ఆ నూనె మెల్లగా ఊరి జిగురుని వదులు చేస్తుంది, వాసన కూడా. కాయ అంచు వెంట హాక్సా బ్లేడుతో గాటు పెట్టి రెండుగా తెరిచి గింజ తీసెయ్యండి. లోపల స్పిరిట్‌తో తుడిచి, వెదురు పుల్ల చివర ఒక సెంటీమీటరు లోపలికి వచ్చేలా పెట్టి, చుట్టూ ఎమ్‌సీల్ (చేత్తో పిసికి వాడే ఎపాక్సీ ముద్ద) నింపి మూసెయ్యండి. తల, తలకి కాడ, రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి. మూసేటప్పుడు రెండు సగాల మధ్య ముక్కు దగ్గర బియ్యపు గింజంత సందు వదిలితే నోరు తెరిచినట్టుంటుంది.

కళ్లు ఎక్కడ పెట్టాలో జీవి స్వభావాన్ని బట్టి ఉంటుంది. వేటాడే జంతువుకి పులిలా, గుడ్లగూబలా కళ్లు ముందుకి చూస్తాయి. వేటకి గురయ్యేదానికి కుందేలులా, జింకలా పక్కలకి ఉంటాయి. యాళికి ముందుకే. మూడు మిల్లీమీటర్ల బిట్‌తో గుంట చేసి, ఆకురాయితో గింజ సగం దిగేంత వెడల్పు చేయండి. గింజ పూర్తిగా పైనే ఉంటే గుడ్లు ఉబ్బినట్టుంటుంది. పైరెప్పకి మక్కు సన్నటి తీగలా చేసి గింజ పై మూడో వంతు కప్పండి. ఆ రెప్పతోనే చూపు పుడుతుంది.

మెడకి మహాగని కంబాన్ని ఆరేడు సెంటీమీటర్లకి కోసి, నిలువునా మూడు మిల్లీమీటర్ల రంధ్రం తీసి, తల కాడని దాని గుండా దించి ఒంట్లోని చెక్కముక్క దాకా పోనివ్వండి. అంటే తల బరువుని మోసేది వెదురు పుల్ల, కంబం కేవలం కండ. ఇక్కడే పై దొప్ప మూసే సమయం. దొప్పల అంచుల్లో సందు ఎంత ఉన్నా కంగారు పడక్కర్లేదు, మక్కుతో నింపి, ఆరేలోపు దువ్వెన పళ్లతో దొప్ప గరుకులాగే గీతలు గీయండి.

ఇప్పుడు జూలు. కొబ్బరి పీచుని నాలుగు సెంటీమీటర్ల కుచ్చులుగా కత్తిరించి, పాకకి గడ్డి కప్పినట్టు కింది వరస ముందు, పై వరస దాని మీద వచ్చేలా అతికించండి. మెడ అడుగున మొదలుపెట్టి తల వెనక ముగించాలి. పైనుంచి మొదలుపెడితే కుచ్చుల మొదళ్లలో జిగురు చుక్కలన్నీ బయటికి కనబడతాయి. చివరి వరస మొదళ్ల మీద చెవులు కూర్చుంటాయి. అలా మెడ అతుకుని జూలు, జూలు అతుకుని చెవులు కప్పుతాయి. కాళ్లు ఒంటికి కలిసే చోట కూడా ఇదే న్యాయం. సరుగుడు కాయల పొలుసులు విడదీసి రెండు వరసలు చుట్టూ అతికిస్తే భుజం కండ ఉబ్బినట్టు వస్తుంది.

రెక్కలు, తోక

ఒక్కో రెక్కకి జకరండా చిప్పలు ఆరు. పెంకుల వరసలా ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కించి, చివరిది ముందు, భుజం దగ్గరిది ఆఖరున అతికించండి. లోపలి నున్నటి వైపు కిందికి ఉండాలి. భుజం దగ్గరి చిప్పకి రెండు తీగలు. ఒక్క తీగ పెడితే రెక్క తలుపులా తిరుగుతుంది.

తోక అలంకారం మాత్రమే అనుకోవద్దు, తూకం నిలిపేది అదే. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ సరిగ్గా మధ్య పొట్ట కింద వేలు పెట్టి బొమ్మని ఎత్తండి. ముక్కు కిందికి వంగితే తోక బరువు చాలలేదు. ఎర్ర తురాయి కాయలో గింజలు ఉంచేసి వాడితే బరువు పెరుగుతుంది, తీసేసి వాడితే తగ్గుతుంది. అలా సరిచేసుకున్నాక ఎపాక్సీతో బిగించండి.

మెరుగు

రంగులు వేయకండి. కాయల సొంత రంగులే జీవిని కలిపి ఉంచుతాయి. దగ్గర్లోని చెన్నపట్న బొమ్మలు, మన ఏటికొప్పాక బొమ్మలు, రెండూ అంకుడు కర్రతో చేసి లక్కతో మెరుగు పెట్టేవే. మనకి అంత మెరుపు వద్దు కానీ లక్క మంచిదే. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 10 గ్రాముల లక్కరేకులు రాత్రంతా నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టి, మెత్తటి కుంచెతో రెండు పలచటి పూతలు. పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి, స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది. జూలుకి పూయకండి, ముద్ద కడుతుంది. కళ్లకి మాత్రం మూడో పూత వేయండి. వాన పడే రోజున వేస్తే పూత తెల్లగా పాలిపోతుంది, ఎండ వచ్చేదాకా ఆగాలి. అప్పటికే పాలిపోతే, పొడిరోజున కొంచెం స్పిరిట్ తడిపిన కుంచెతో మళ్లీ తడిమితే చాలావరకు పోతుంది.

కిటికీ ఎండ తగలని చోట ఉంచండి. మొదటి వానాకాలం వెళ్లాక బొమ్మ కింద తెల్లకాగితం పరిచి రెండు రోజులు చూడండి. గోధుమపిండిలాంటి సన్నటి పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టే. జిప్ కవర్లో పెట్టి మళ్లీ వారం ఫ్రీజర్‌లో ఉంచి, పొడి రాలిన రంధ్రంలో సిరంజితో రెండు చుక్కల లక్క పోసి మూసెయ్యండి. కొలువు దించాక అట్టపెట్టెలో సర్దేటప్పుడు రెక్కల మీద బరువు పడకుండా, కాళ్ల మధ్య నలిపిన కాగితం పెట్టి, తోక చివర పెట్టె గోడకి తగలకుండా రెండు వేళ్ల ఎడం వదలండి.